కళ్ళజోడు ముక్కు బిళ్ళలు – వాటి బాగోగులు

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి, పింఛను ఎవరో దయతలచి ఇచ్చేది కాదన్న సంగతి గురించి మన ఉపాధ్యక్షుల వారు ఇప్పుడే చక్కగా వివరించారు. ఆ తరువాత బకాయిల సంగతీ, హెల్త్ కార్డుల సంగతీ వచ్చాయి. అంతటి విషయాల తరువాత కళ్ళజోడుకు ముక్కు దగ్గర ఉండే రెండు చిన్న బిళ్ళల మీద మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను పిలిచేసరికి మీలో కొందరు నవ్వుకున్నారు. నవ్వండి, పరవాలేదు. కాని నవ్విన వాళ్ళలో నలుగురు ఆ వెంటనే చూపుడువేలుతో కళ్ళజోడు పైకి తోసుకున్నారు. నేను ఇక్కడినుంచి చూస్తూనే ఉన్నాను.

ఈ బాధ్యత నాకెందుకు వచ్చిందో కూడా మనవి చేస్తాను. నేను డాక్టర్ని కాను, కళ్ళజోళ్ళ వ్యాపారినీ కాను. గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. మూడు దశాబ్దాలకు పైగా రిజిస్టర్లలో సన్న అక్షరాలు చూసి చూసి కళ్ళజోడు మీద శ్రద్ధ పెరిగింది. మన సంఘ కార్యాలయంలో నెలవారీ సమావేశానికి ముందు ఒకరిద్దరు తమ కళ్ళజోళ్ళు నా చేతిలో పెట్టేవారు. ఆ ఒకరిద్దరు పది మందయ్యారు. అలా చూసిన కళ్ళజోళ్ళలో సగానికి పైగా అద్దాలు బాగానే ఉన్నాయి, ఫ్రేములూ బాగానే ఉన్నాయి. పాడైనవి ముక్కు బిళ్ళలే.

దుకాణాల్లో వీటిని నోస్ ప్యాడ్లంటారు. మా ఇంటావిడ ముక్కు బిళ్ళలంటుంది. నాకు ఆ మాటే బాగుంది, ఇక్కడా అదే వాడతాను. నా చిన్నతనంలో పెద్దవాళ్ళు పెట్టుకొనే గుండ్రని తీగ కళ్ళజోళ్ళు కొన్నిటికి ఈ బిళ్ళలే ఉండేవి కావు. రెండద్దాల మధ్య తీగే వంపు తిరిగి ముక్కు మీద కూర్చునేది. పడుకోబోయే ముందు తీస్తే దూలం మీద ఎర్రటి గీత ఉండేది. మందపాటి ప్లాస్టిక్ ఫ్రేములకు ఇప్పటికీ విడి బిళ్ళలుండవు, ఫ్రేమునే ముక్కు వాలుకు తగ్గట్టు మలుస్తారు. లోహపు ఫ్రేములకు మాత్రం అటొకటి ఇటొకటి సన్నని తీగ చేతులుంటాయి, వాటి చివర బిళ్ళలుంటాయి. ఈనాటి నా మాటలు ముఖ్యంగా ఈ రకం గురించి.

మనం కళ్ళజోడు కొనేటప్పుడు దేని గురించి అడుగుతాం? పవరు సరిగ్గా ఉందా, అద్దం ఏ కంపెనీ, ఫ్రేము ఎంత, తగ్గింపు ఎంత. ఆ అద్దం మన కంటి ముందు ఎక్కడ నిలబడుతుందని ఎవరూ అడగరు. డాక్టరు రాసిచ్చిన పవరు ఒక నిర్ణీత స్థానంలో ఉన్న అద్దానికి వర్తిస్తుంది. మామూలుగా కంటికీ అద్దానికీ మధ్య 12 నుంచి 14 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. ఆ ఎడాన్ని నిలబెట్టేవి, అద్దాన్ని ఎత్తులో ఉంచేవి ఈ రెండు బిళ్ళలూ, చెవి వెనక కాడల వంపూ. అవి సడలితే డాక్టరు రాసిన అద్దమే ఉంటుంది గాని డాక్టరు అనుకున్న చోట ఉండదు.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. పేపరు చదివేటప్పుడు అక్షరాలు ఆనకపోతే కళ్ళజోడును ముక్కు కొసకు జార్చుకొని చదివే వాళ్ళు మనలో ఎంతోమంది ఉన్నారు. అలా చేస్తే నిజంగానే బాగా కనబడుతుంది. భ్రమ కాదు. ప్లస్ అద్దం కంటికి దూరంగా జరిగితే పవరు పెరిగినట్టు పనిచేస్తుంది. మైనస్ అద్దమైతే తగ్గినట్టు పనిచేస్తుంది. మన తండ్రుల తరంలో శుక్లాల ఆపరేషను తరువాత కంట్లో లెన్సు పెట్టే పద్ధతి ఇంకా రాలేదు. ప్లస్ 10, ప్లస్ 12 పవరున్న గాజు అద్దాలిచ్చేవారు, సోడాబుడ్డి అద్దాలని మనం ఎగతాళి చేసినవి అవే. ప్లస్ 10 అద్దం 5 మిల్లీమీటర్లు ముందుకు జారితే పవరు దాదాపు అర పాయింటు పెరిగినట్టే. ఆ పెద్దలు మాటిమాటికీ కళ్ళజోడు సర్దుకొనేది చాదస్తంతో కాదన్నమాట. ఈనాడు మనకు అంత పెద్ద పవర్లు అరుదు. ఒకటి, రెండు పాయింట్ల అద్దం కాస్త జారితే పవరులో వచ్చే తేడా చాలా స్వల్పం. ఆ మాట కూడా నిజాయితీగా చెప్పాలి.

మరి మనకు ఇబ్బంది ఎక్కడ? బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల దగ్గర. ఈ సభలో అవి లేని వాళ్ళను చేతులెత్తమంటే పది చేతులు కూడా లేవవేమో. బైఫోకల్‌లో చదువుకొనే ముక్క పై అంచు సుమారుగా మన కింది రెప్ప అంచు దగ్గర ఉండేలా కొలత తీసి అమరుస్తారు. కళ్ళజోడు 3 మిల్లీమీటర్లు కిందికి జారితే చదువుకొనే ముక్క కూడా కిందికి పోతుంది. అప్పుడు చదవాలంటే గడ్డం పైకెత్తాలి. గంటసేపు గడ్డం ఎత్తి పేపరు చదివితే మెడ పట్టేస్తుంది. మెడనొప్పికి నూనెలు రాయించుకుంటాం. అలాకాక బిళ్ళల చేతులు లోపలికి వంగి దగ్గరైతే కళ్ళజోడు పైకి లేస్తుంది. అప్పుడు చదువుకొనే ముక్క నేరుగా కంటికి అడ్డం వస్తుంది, నడుస్తుంటే ముందున్న నేల మసకగా కనబడుతుంది. ఒకే బిళ్ళ ఊడిపోతే ఇంకో అవస్థ. ఒక పక్క అద్దం దిగిపోయి, ఒక కన్ను దూరం చూసే భాగంలోంచీ రెండోది దగ్గర చూసే భాగంలోంచీ చూస్తుంది. సిలిండరు పవరున్న వాళ్ళకు ఫ్రేము ఒరిగితే ఆ కోణం కూడా తప్పుతుంది.

మెట్లు దిగేటప్పుడు ఇదే కొంప ముంచేది. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలు సరిగ్గా కూర్చున్నా కూడా, వాటిలోంచి కిందికి చూస్తే మెట్టు అంచు స్పష్టంగా ఆనదు, లోతు సరిగ్గా తెలియదు. ఇలాంటి అద్దాలు పెట్టుకొనే పెద్దవయసు వాళ్ళు ఎక్కువగా పడుతున్నారని ఆస్ట్రేలియాలో చేసిన ఒక పరిశోధన 2002లోనే చెప్పింది. సరిగ్గా కూర్చున్న అద్దాలతోనే అలా ఉంటే, జారిపోయిన వాటి సంగతి వేరే చెప్పాలా? మన వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

మన సభ్యులొకరి సంగతి చెబుతాను, వారి అనుమతితోనే. పేరు చెప్పను. ఆయన కళ్ళజోడుకు ఎడమ బిళ్ళ ఊడిపోయింది. లోహపు తీగ మొన ముక్కుకు గుచ్చుకుంటోంది. ఆ మొనకు కొన్నాళ్ళు దూది చుట్టారు, కొన్నాళ్ళు సైకిల్ ట్యూబు ముక్క తొడిగారు. చివరికి విసుగెత్తి కళ్ళజోడు పెట్టుకోవడమే మానేశారు. ఇంట్లో వాళ్ళు అడిగితే "ఇప్పుడు నాకు చూడాల్సినవేం ఉన్నాయిలే" అన్నారు. పేపరు మానేశారు, సాయంత్రం నడక మానేశారు, మన సమావేశాలకు రావడం మానేశారు. కోడలుగారు నాకు ఫోను చేసి, "మామయ్యగారు ఎందుకో దిగులుగా ఉంటున్నారండీ, ఒకసారి వచ్చి వెళ్ళండి" అన్నారు. వెళ్ళాను. బల్ల సొరుగులోంచి కళ్ళజోడు తీసి చూపించారు. మంచి ప్రోగ్రెసివ్ అద్దాలు, వేలు పోసి కొన్నవి, గీత కూడా లేదు. రెండు బిళ్ళలు మార్చడానికి నాకు పావుగంట పట్టింది. ఆ మరుసటి నెల సమావేశంలో మినిట్స్ బుక్కులో రెండు తప్పులున్నాయని లేచి నిలబడింది ఆయనే. కార్యదర్శి గారికి గుర్తుండే ఉంటుంది.

ఇంకో మాట. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు కార్యక్రమం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న వై.యస్.ఆర్. కంటి వెలుగు మొదలైంది. ఊరూరా కళ్ళు పరీక్షించి కళ్ళజోళ్ళిచ్చారు. మొదటిసారి కళ్ళజోడు పెట్టుకున్న ముసలివాళ్ళను మనం చూశాం. మంచి పని. ఇచ్చిన కళ్ళజోడును ఎలా కడగాలి, ఎలా చూసుకోవాలి అన్నది మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు నేర్పాలి. మీ ఊళ్ళో, మీ వీధిలో అలాంటి వాళ్ళుంటే ఈ సంచిక చదివి వినిపించండి.

ఇక శుభ్రం చేసే సంగతికి వస్తాను.

బిళ్ళ పక్కన పేరుకొనేది ఒట్టి దుమ్మే అనుకుంటాం. అందులో చెమట, చర్మం నుంచి ఊరే జిడ్డు, రాలిన చర్మం పొడి, ముఖానికి రాసుకొనే పౌడరు అన్నీ ఉంటాయి. మన దేశంలో వీటికి తోడు విభూతి, చందనం, కుంకుమ కూడా. నుదుట విభూతి రేకలు పెట్టుకొని రోహిణీ కార్తెలో బజారుకు వెళ్ళొస్తే, ఆ విభూతి చెమటతో కలిసి జారి బిళ్ళ వెనక చేరి సున్నంలా గట్టిపడుతుంది. తలకు కొబ్బరినూనె దండిగా పట్టించే వాళ్ళకు ఆ నూనె నుదుటి మీదుగా దిగి బిళ్ళలను జారుడుబల్ల చేస్తుంది. విభూతి మానమని కాని, నూనె మానమని కాని నేను చెప్పను. నేను కూడా రెండూ మానలేదు. రాత్రికి కడుక్కోమంటాను, అంతే.

కొందరి కళ్ళజోళ్ళలో బిళ్ళ చుట్టూ ఆకుపచ్చగా పేరుకొని ఉంటుంది. నాచు అనుకుంటారు, బూజు అనుకుంటారు. అది రెండూ కాదు, చిలుము. ఇత్తడి గిన్నెలో పులుసు ఉంచితే పట్టే చిలుము లాంటిదే. చాలా ఫ్రేముల లోహంలో రాగి కలిసి ఉంటుంది. పైపూత అరిగిన చోట చెమటలోని ఉప్పు, జిడ్డు ఆ రాగికి తగిలి పచ్చగా మారుతుంది. చిలుము అన్నాను కదా అని చింతపండు పెట్టి తోమకండి! నిజంగా ఒకావిడ, మన సభ్యుల సతీమణి, ఇత్తడి తోమే పొడితో భర్తగారి కళ్ళజోడు తళతళలాడేలా తోమిపెట్టారు. ఫ్రేము మెరిసింది గాని అద్దాల మీద కోడిగీతలు పడ్డాయి. ఆయన ఏమీ అనలేదు. అనే ధైర్యం లేదన్నారు.

కడిగే పద్ధతి చాలా సులువు. ముందుగా చేతులు కడుక్కోండి. నీళ్ళు చల్లగాగాని, పిల్లలకు పోసేంత గోరువెచ్చగాగాని ఉండాలి. వేడినీళ్ళు వద్దు, అద్దం మీద పూత చిట్లుతుంది. మొదట కుళాయి కింద పట్టి దుమ్మంతా పోనివ్వండి. ఆ తరువాతే రుద్దడం. గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఒక్క చుక్క వేలి మీద వేసుకొని అద్దాలకు, కాడలకు రాయండి. బిళ్ళలకు మాత్రం మెత్తటి పాత టూత్ బ్రష్ వాడండి, చిన్నపిల్లల బ్రష్షయితే మరీ మంచిది. బిళ్ళ ముందు, వెనక, తీగ చెయ్యి, ఆ చెయ్యికీ అద్దం అంచుకూ మధ్య సందు. మురికి దాక్కొనేది ఆ సందులోనే. బ్రష్ అద్దానికి తగలకుండా చూసుకోండి. గట్టిపడిన మురికి ఉంటే రెండు నిమిషాలు సబ్బునీళ్ళు ఉండనిచ్చి, పళ్ళు కుట్టుకొనే చెక్కపుల్లతో మెల్లగా తీయండి. గుండుసూది వాడకండి. ఒకవేళ కుళాయి కింద స్క్రూ ఊడితే పోకుండా తూముకు జల్లెడ బిళ్ళ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కింద గిన్నె పెట్టుకోండి. బాగా కడిగి, ఉతికిన మెత్తటి నూలుగుడ్డతో అద్దండి. ఫ్రేమును మధ్యలో, ముక్కు వంతెన దగ్గర పట్టుకొని తుడవండి. ఒక కాడ పట్టుకొని రెండో వైపు తుడిస్తే ఫ్రేము మెలిదిరిగి, బిళ్ళల ఎత్తుపల్లాలు మారిపోతాయి.

పంచె అంచుతో, చీర కొంగుతో, జేబురుమాలుతో పొడిగా తుడిచే అలవాటు మనకందరికీ ఉంది. ప్లాస్టిక్ అద్దాలు గాజు కంటే మెత్తనివి. బట్ట మీది ఇసుకరేణువు చాలు, గీత పడడానికి. గోళ్ళరంగు తుడిచే ద్రవం దగ్గరికి కూడా రానివ్వకండి, కొన్నిరకాల ప్లాస్టిక్ ఫ్రేములను, అద్దాలను అది కరిగిస్తుంది. 2020లో కరోనా రోజుల్లో చాలామంది చేతులకు రాసుకొనే శానిటైజరుతోనే కళ్ళజోడు తుడిచారు. పదేపదే అలా తుడిస్తే పూతలు దెబ్బతింటాయి. రోజూ రాత్రి పడుకొనే ముందు బిళ్ళలను తడిగుడ్డతో ఒకసారి తుడిచి, వారానికొకసారి పూర్తిగా కడిగితే చాలు. చెమట ఎక్కువ పట్టే వాళ్ళు, వేసవిలో, రోజూ కడిగినా నష్టం లేదు. కళ్ళజోళ్ళ దుకాణాల్లో చిన్న నీళ్ళతొట్టి లాంటి యంత్రం ఉంటుంది, శబ్ద తరంగాలతో సందుల్లోని మురికిని వదిలిస్తుంది. ఎప్పుడైనా అటు వెళ్ళినప్పుడు అందులో వేయించుకోండి. అందులోంచి తీశాక స్క్రూలు వదులయ్యాయేమో కూడా చూడమనండి.

కడిగినా బిళ్ళ పసుపుపచ్చగానే ఉంటే అది మురికి కాదు. సిలికాను బిళ్ళలు మెత్తగా, ముక్కును పట్టుకొని ఉంటాయి గాని చర్మపు జిడ్డు పీల్చుకొని రంగు మారతాయి. ఆ రంగు తోమితే పోదు. గట్టి ప్లాస్టిక్ బిళ్ళలు రంగు నిలబెట్టుకుంటాయి గాని చెమట పడితే జారతాయి. రంగు మారినా మెత్తగా ఉంటే కొన్నాళ్ళు వాడుకోవచ్చు. గోటితో నొక్కితే రాయిలా ఉన్నా, అంచు చిట్లినా, లోపలి లోహపు ముక్క పైకి పొడుచుకొచ్చినా మార్చాల్సిందే. వాడకాన్ని బట్టి ఆరు నెలలకో, సంవత్సరానికో ఆ అవసరం వస్తుంది. జోడు బిళ్ళలకు పెద్ద ఖర్చేమీ కాదు. పాత ఖాతాదారుల దగ్గర కొందరు దుకాణదారులు అసలు డబ్బే తీసుకోరు. మనమే మొహమాటపడి వెళ్ళం.

ఒకటే పాడైనా రెండూ మార్చాలి. కొత్తదొకటి పాతదొకటి ఉంటే ఎత్తు సమంగా ఉండదు. కొనడానికి వెళ్ళేటప్పుడు కళ్ళజోడు వెంట తీసుకెళ్ళండి, ఊడిన బిళ్ళ ఉంటే అది కూడా. పొడవు 11, 13, 15 మిల్లీమీటర్లని రకరకాలుంటాయి, ఆకారంలోనూ తేడాలుంటాయి. బిగించే విధానాల్లో ముఖ్యంగా రెండు ఎక్కువ కనబడతాయి: స్క్రూతో బిగించేవి, నొక్కితే టక్కున కూర్చునేవి. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. ముక్కు మీద చర్మం పలచబడి నొప్పి పుట్టే వాళ్ళు, వీలైతే కాస్త పెద్ద సైజు సిలికాను బిళ్ళ అడగండి. బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటే నొప్పి తగ్గుతుంది. గాజు అద్దాలు వాడేవాళ్ళు ప్లాస్టిక్ అద్దాలకు మారితే బరువు దాదాపు సగానికి దిగుతుంది.

ఇంట్లో మార్చుకోదలచిన వాళ్ళకు ఒక చిక్కు ఉంది. కళ్ళజోడు బాగుచేయాలంటే కళ్ళజోడు కావాలి! పాత కళ్ళజోడు పారేయకుండా ఉంచుకోమనేది ఇందుకే. లేదంటే మనవడినో, మనవరాలినో కూర్చోబెట్టుకోండి. మా మనవరాలు పదేళ్ళది. "తాతయ్యా, నువ్వు పక్కన కూర్చొని చెప్పు చాలు, చెయ్యి పెట్టకు" అంటుంది. దాని వేళ్ళు వణకవు మరి.

పగటి వెలుతురులో, బల్ల మీద తెల్లటి తువ్వాలు పరచి పని మొదలుపెట్టండి. స్క్రూ ఆవగింజంత ఉంటుంది. సిమెంటు గచ్చు మీద పడితే మళ్ళీ దొరకదు. చాలా స్క్రూలు అయస్కాంతానికి కూడా అంటవు. గడియారాలు బాగుచేసే చిన్న స్క్రూడ్రైవరు, ఒక శ్రావణం ఉంటే చాలు. తీగ చెయ్యి చివర బిళ్ళ కూర్చునే చిన్న పెట్టె లాంటిది ఉంటుంది. దాన్ని ఎడమచేతి రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకోండి, మీరు తిప్పే బలమంతా ఆ వేళ్ళ మీద పడాలి గాని తీగ మీద పడకూడదు. స్క్రూను ఎడమవైపుకు తిప్పి తీయండి. ఒకవైపు పూర్తిగా బిగించాకే రెండోవైపు విప్పండి. రెండూ ఒకేసారి విప్పితే ఏది కుడి, ఏది ఎడమ, ఏ అంచు ఎటు అన్నది తెలియదు. ఒకటి ఉంటే దాన్ని చూసి రెండోది పెట్టుకోవచ్చు, పాత ఫైలు చూసి కొత్త నోటు రాసినట్టు. బిళ్ళ తీయగానే ఆ పెట్టెలోని మురికి పుల్లతో తీసేయండి, మళ్ళీ ఆ అవకాశం రాదు. కొత్త బిళ్ళ పెట్టి, రంధ్రాలు ఎదురెదురుగా వచ్చాక స్క్రూను శ్రావణంతో నిలబెట్టి మెల్లగా తిప్పండి. ఆగినచోట ఆపేయండి.

బిగించాక బిళ్ళ అటూ ఇటూ కాస్త కదులుతుంది. "ఇంకా వదులుగానే ఉందండీ" అని చాలామంది మళ్ళీ తెస్తారు. ఆ కదలిక ఉండాలి. ముక్కు వాలు ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటుంది, దానికి తగ్గట్టు బిళ్ళ తనంత తాను ఒరిగి, వెడల్పంతా ఆనుకొనేందుకే ఆ వదులు ఇచ్చారు. గట్టిగా బిగించి గమ్ము పోస్తే బిళ్ళ ఒక అంచుతోనే ఆనుతుంది, అక్కడే పుండు పడుతుంది. చిటికెలో అంటుకొనే గమ్ముల ఆవిరి అద్దం మీద తెల్లటి పొర కడుతుంది కూడా. నొక్కుడు రకం బిళ్ళకు ఇంత తతంగం లేదు. గోరు పెట్టి పాతది లాగడం, కొత్తది నొక్కడం, టక్కుమన్న శబ్దం వినడం. వినికిడి తక్కువైన వాళ్ళు వేలితో లాగి చూసుకోవాలి.

తీగ చేతులను మాత్రం ఇంట్లో వంచకండి. బిళ్ళలు దగ్గరచేస్తే కళ్ళజోడు పైకి వస్తుందని, ఎడం చేస్తే దిగుతుందని తెలుసుకుంటే చాలు, దుకాణంలో చెప్పడానికి పనికొస్తుంది. వంచే పని వాళ్ళ పట్టకారుకే వదిలేయాలి. అక్కడ టంకం విరిగితే ఫ్రేమే పోతుంది. వాళ్ళు సరిచేశాక అద్దంలో చూసుకొని వచ్చేయకండి. అక్కడే పేపరు అడిగి చదవండి, నడవండి, మెట్టుంటే దిగి చూడండి, తల వంచి చెప్పు ముడి సర్దుకోండి. అప్పుడు జారకపోతే సరిగ్గా కూర్చున్నట్టు.

ఇక ఈ ప్రసంగంలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకొన్నది. బిళ్ళ కింద పడే పుండు సంగతి. ఇది కాస్త జాగ్రత్తగా వినండి, ఇంట్లో వాళ్ళు కూడా.

బిళ్ళ ఆనే చోట చర్మం ఎర్రబడటం, కొద్దిగా గుంట పడటం మామూలే. కొందరికి ఫ్రేములోని నికెలు పడక దురద పుట్టి చర్మం నల్లబడుతుంది. అలాంటి వాళ్ళు సిలికాను లేదా టైటానియం బిళ్ళలకు మారితే నయం. కాని ఎడతెగని ఒత్తిడి వల్ల ఒక్కోసారి అక్కడ చర్మం మందంగా బొడిపె కట్టి, మధ్యలో చీలిక పడి పుండవుతుంది. ఎకాంథోమా ఫిశురేటం అని డాక్టర్లు దానికి పేరు పెట్టారు. పేరు పెద్దదే గాని ప్రమాదం లేదు. కళ్ళజోడు సరిచేస్తే కొద్ది వారాల్లోనో, కొద్ది నెలల్లోనో మానిపోతుంది. చిక్కేమిటంటే, బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సరు కూడా ముక్కు మీద ఎక్కువగా వస్తుంది, చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది. ముత్యంలా మెరిసే చిన్న బొడిపె, లేదా చెక్కు కట్టి, మానినట్టే ఉండి, మళ్ళీ రక్తం చిమ్మే పుండు. తెల్లవాళ్ళతో పోలిస్తే మన రంగు వాళ్ళకు తక్కువే, రాకపోలేదు. అది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, దూరపు అవయవాలకు పాకడం అరుదు. కాని ఉన్నచోట లోతుకు తినుకుంటూ పోతుంది, అది కంటి పక్కనే కదా. చిన్నగా ఉండగా కోసి తీసేస్తే నయమవుతుంది.

మన మిత్రులొకరికి ముక్కుకు ఎడమపక్క, సరిగ్గా బిళ్ళ ఆనే చోట పుండు పడింది. నొప్పి లేదు. బిళ్ళ ఒరుసుకుంటోందని ఆయన, షుగరు వల్ల మానడం లేదని ఇంట్లో వాళ్ళు. పసుపు పెట్టారు, ప్లాస్టరు వేశారు. నా దగ్గరికి వచ్చినప్పుడు బిళ్ళలు నిజంగానే రాయిలా ఉన్నాయి, మార్చాను. నెల తరువాత చూస్తే ఫ్రేము చక్కగా కూర్చుంది, కుడిపక్క మచ్చ కూడా పోయింది. ఎడమపక్క పుండు అలాగే ఉంది. "ఇది నా స్క్రూడ్రైవరుతో అయ్యే పని కాదండీ, చర్మవైద్యుడికి చూపించండి" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "బిళ్ళ పుండుకు ఆస్పత్రి దేనికయ్యా?" అన్నారు. వాళ్ళమ్మాయి మాత్రం వినలేదు, ఆ వారమే తీసుకెళ్ళింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరని తేలింది. ఆ చోటికి మాత్రమే మత్తు ఇచ్చి కోసి తీసేశారు, కొన్ని కుట్లు పడ్డాయి. ఇప్పుడు కులాసాగా ఉన్నారు. ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నారు. ఇదిగో, రెండో వరసలో కూర్చొని, నేను పేరు చెబుతానేమోనని నా వైపే చూస్తున్నారు. చెప్పనండీ.

అంచేత లెక్క ఇలా పెట్టుకోండి. పుండు కనబడగానే కళ్ళజోడు సరిచేయించండి. ఆ తేదీ క్యాలెండరు మీద రాసి పెట్టండి. మూడు, నాలుగు వారాల్లో మానుముఖం పట్టకపోతే డాక్టరుకు చూపించండి. రక్తం కారుతున్నా, పెరుగుతున్నా అన్ని వారాలు కూడా ఆగొద్దు. షుగరున్న వాళ్ళకు పుండ్లు ఆలస్యంగా మానతాయన్నది నిజమే. ఆ నిజం చెప్పుకొని నెలలు గడపకండి. మన ముక్కు మీది పుండు మనకు సరిగ్గా కనబడదు, కళ్ళజోడు తీస్తే అద్దంలో అంతా మసకే. కాబట్టి ఇంట్లో వాళ్ళే చూడాలి. అమ్మలూ, అమ్మాయిలూ, మీ ఇంట్లో పెద్దవాళ్ళు కళ్ళజోడు తీసి పక్కన పెట్టినప్పుడు నెలకొకసారి ముక్కుకు రెండు పక్కలా, చెవుల వెనకా కాస్త వెలుతురులో చూడండి.

ఆఖరిగా ఒక ప్రకటన చేయమన్నారు. కార్యవర్గం అనుమతితో ఒక డబ్బా కొన్నాం. అందులో చిన్న స్క్రూడ్రైవర్లు రెండు, శ్రావణం, భూతద్దం, మూడు సైజుల్లో సిలికాను బిళ్ళలు, స్క్రూల పొట్లం ఉన్నాయి. ప్రతినెలా సమావేశానికి గంట ముందు నేనూ, మా మనవరాలికి సెలవైతే తనూ కార్యాలయంలో కూర్చుంటాం. ఇంట్లో కడిగి తీసుకొస్తే పని త్వరగా తెములుతుంది. నా తరువాత ఈ పని చూసుకోవడానికి ఇంకొకరు కావాలి. చేతులు వణకని వాళ్ళెవరైనా ఉంటే పేరివ్వండి, రెండు పూటల్లో నేర్పుతాను. డబ్బా బీరువాలో కింది అరలో ఉంది, తాళంచెవి కోశాధికారి గారి దగ్గర ఉంటుంది.